రెండో శనివారం ఒక్క ఊళ్లోనే ఉండిపోదాం

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక టూర్ ప్లాన్ పెట్టారు. రెండో శనివారం తెల్లవారుజామున 4 గంటలకు హన్మకొండలో బయలుదేరాలి. నిర్మల్‌లో టిఫిన్, మహబూబ్ ఘాట్ దగ్గర ఫొటోలు, ఆ తర్వాత పొచ్చెర, గాయత్రి, కుంటాల జలపాతాలు, చీకటి పడేసరికి ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు. ఆదివారం పొద్దున్నే కేస్లాపూర్ నాగోబా గుడి, అటు నుంచి మిట్టె జలపాతం, జోడేఘాట్, కెరమెరి ఘాట్ దిగి ఆసిఫాబాద్, మంచిర్యాల మీదుగా రాత్రి 11 లోపు ఇల్లు. పైన 'కొండల్లో హాయిగా రెండు రోజులు' అని రాసి ఉంది. అరగంటలో కార్లన్నీ నిండిపోయాయి.

ప్లాన్ వేసినవాళ్లు మంచి మనసుతోనే వేశారు. అంత దూరం పోతున్నప్పుడు ఏదీ వదలొద్దని, పిల్లలకు అన్నీ చూపించాలని ఉంటుంది. కానీ ఈ పద్ధతి మీద నాకు చాలా రోజులుగా ఒక అభిప్రాయం గట్టిపడుతూ వస్తోంది. ఆఫీసు, స్కూలు, టార్గెట్లు, టెన్షన్ అన్నీ కలిసి నలిపేశాక కాస్త ఊపిరి పీల్చుకోవడానికి కొండల వైపు వెళ్లేవాళ్లు ఒక్క చిన్న ఊళ్లో దిగాలి. బ్యాగులు గదిలో పెట్టి, తిరిగి ఇంటికి బయలుదేరేదాకా ఆ ఊళ్లోనే ఉండాలి. జలపాతమో గుడో నడిచిపోయే దూరంలో ఉంటే సరే, దాని కోసం మళ్లీ కారెక్కకూడదు. ఈ మాట అన్నందుకు ఇంట్లోవాళ్లే నాతో వాదించారు. వాళ్లన్న వాటిలో కొన్నింటికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

బ్యాగుల దగ్గర ఎవరు కూర్చుంటారు?

ఈ ప్లాన్లలో ఎప్పుడూ కనిపించని పని ఒకటుంది. శుక్రవారం రాత్రి పులిహోర కలపాలి, చపాతీలు చేయాలి. పిల్లలకు రెండేసి జతల బట్టలు ఎక్కువ సర్దాలి, అత్తమ్మ బీపీ మాత్రలు, ఫ్లాస్కు, పేపర్ ప్లేట్లు, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి, కారులో వాంతులకు కవర్లు. సోమవారం ఇడ్లీకి పప్పు నానబెట్టి గ్రైండ్ చేసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాలి. ఇదంతా ఆడవాళ్లే చేస్తారు. ఆగిన ప్రతి చోటా సంచులు దించడం, పెట్టడం, ఎంగిలి ప్లేట్లు ఎత్తడం, తడిసిన పిల్లల తలలు తుడవడం కూడా మేమే. ఆదివారం రాత్రి ఇల్లు చేరాక బురద బట్టలన్నీ బకెట్‌లో పడతాయి, మళ్లీ పొద్దున 5 గంటలకు బాక్సులు కట్టాలి. మగవాళ్లకు డ్రైవింగ్ అలసట ఉంటుంది, కాదనను. వాళ్లకూ ఇందులో విశ్రాంతి లేదు. మరి ఎవరి కోసం పోతున్నట్టు?

బొగత జలపాతానికి ఒకసారి పెద్ద గుంపుగా వెళ్లాం. కారు దిగగానే మా అత్తమ్మ, "నేనీడనే కూసుంట, సంచులు చూస్త. మీరు పోయి రాండ్రి" అంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, నడవలేదు. మేం తిరిగొచ్చేసరికి ఎండ ఆమె మీదికి వచ్చింది. చెట్టు నీడ పక్కకు జరిగినా, సంచులన్నీ మోసుకుని జరగలేక అక్కడే కూర్చుంది. ఇంటికి వచ్చాక అందరూ ఫొటోలు చూసుకుంటుంటే ఆమె కూడా ఫోన్ తీసుకుని నీళ్లు ఎలా పడుతున్నాయో చూసింది. రోజంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషి జలపాతాన్ని ఇంట్లో ఫోన్‌లో చూసింది. నాకు అది ఇప్పటికీ మింగుడు పడదు.

'విశ్రాంతే కావాలంటే ఇంట్లోనే పడుకోవచ్చు కదా' అంటారు మా ఆయన. మగవాళ్లకైతే కుదురుతుంది. ఇంట్లో ఉన్న ఆడమనిషిని పని వెతుక్కుంటూ వస్తుంది. గ్యాస్ బండ వస్తుంది, చుట్టాలు వస్తారు, వాషింగ్ మెషిన్ పిలుస్తుంది, ఏదీ లేకపోతే అల్మారా సర్దాలనిపిస్తుంది. నాకు బయటి ఊరే కావాలి. ఆ ఊళ్లో వంటగది నాది కాకూడదు, నన్ను గుర్తుపట్టేవాళ్లు ఉండకూడదు, ఫలానా టైముకు ఫలానా చోట ఉండాలన్న లెక్క ఉండకూడదు. మనకు దగ్గర్లో కొండలూ అడవీ ఉన్న చిన్న ఊళ్లు ఇందుకు చక్కగా సరిపోతాయి.

ఉట్నూరులో ఉండిపోయినప్పుడు

ఉట్నూరు పేరు చెబితే మా వాళ్లంతా 'అక్కడేముంది?' అంటారు. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు, ఆస్పత్రి, పాత గోండుల కోట, బస్టాండు, దాని చుట్టూ కొట్లు. చుట్టూ గుట్టలు, టేకు అడవి, పత్తి చేలు, జొన్న చేలు. ఊటీలాగా ఎక్కడో మేఘాల్లో ఉండే ఊరు కాదు. అయితే చలికాలం పొద్దున మంచు దిగితే రోడ్డుకు అవతలి వైపున్న దుకాణం కనిపించదు. సిర్పూర్ (యు), గిన్నెధరి వైపు ఉష్ణోగ్రతలు పది డిగ్రీల లోపుకు పడిపోవడం ఏటా పేపర్లో చదువుతూనే ఉంటాం. దసరా వెళ్లాక మొదలుపెట్టి సంక్రాంతి దాటేదాకా ఆ వైపు వాతావరణం చాలా బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పోవద్దు, ఎండ కాల్చేస్తుంది.

అక్కడ మేం దిగిన లాడ్జికి దగ్గర్లో ఒక చిన్న హోటల్. రేకుల కప్పు, బయట రెండు బెంచీలు, మట్టి పొయ్యి. ఒక పెద్దామె జొన్న రొట్టెలు చేస్తోంది. మరిగే నీళ్లు పిండిలో పోసి, చేయి కాలకుండా ముందు గరిటెతో కలిపి, తర్వాత అరచేతి కింది భాగంతో ఒత్తి ఒత్తి పిసుకుతుంది. ఎంత పిసికితే రొట్టె అంచు అంత పగలకుండా వస్తుందట. ముద్దను చెక్క మీద పెట్టి, కుడి చేత్తో తడుతూ ఎడమ చేత్తో తిప్పుతుంది. పెనం మీద వేశాక తడిచేయి ఒక్కసారి పైన రాస్తుంది, ఆ తడి ఆరగానే తిరగేస్తుంది. చివరికి పెనం తీసేసి రొట్టెను నిప్పుల పక్కన నిలబెడుతుంది. అది పొంగి, ఒకచోట చిన్నగా చిల్లిపడి, ఆవిరి పోతుంది. ఎర్ర కారం, ఉల్లిగడ్డ పెట్టి ఇచ్చింది.

"ఏడికెల్లి వచ్చిన్రు?" అని అడిగింది.

"వరంగల్ కెల్లి" అంది అత్తమ్మ.

"ఎవలింటికి?"

"ఎవలింటికి లేదమ్మా, ఊకెనే వచ్చినం."

"ఊకెనే ఎవలస్తరు!" అని నవ్వింది. తర్వాత ఇద్దరూ మోకాళ్ల నొప్పులు, కోడళ్లు, పత్తి ఏరడానికి కూలీల రేటు, అన్నీ మాట్లాడుకున్నారు. ఆ బెంచీ మీద మా అత్తమ్మ దాదాపు పొద్దంతా కూర్చుంది. ఒకరు గోండిలో టీ అడుగుతున్నారు, ఒకరు మరాఠీలో, ఇంకొకరు లంబాడీలో. పెద్దామె అందరికీ వాళ్ల భాషలోనే ఒక ముక్క జవాబు చెబుతోంది. వచ్చినవాళ్లలో చాలామంది 'రామ్ రామ్' అని పలకరిస్తే మా అత్తమ్మ కూడా 'రామ్ రామ్' అంటోంది. సంచుల కాపలా లేదు. నేను గదికి పోయి మధ్యాహ్నం నిద్రపోయాను. పగలు అంత గాఢంగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

సాయంత్రం ఇప్పపువ్వు లడ్డూలు కొన్నాం. అక్కడి ఆదివాసీ మహిళలు సంఘంగా కలిసి వీటిని తయారు చేస్తారు. ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకు రక్తహీనత తగ్గడానికి ఇచ్చేవి ఇవే. ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే గుర్తొచ్చేవాళ్లు ఆ లడ్డూ ఒకటి తిని చూడాలి.

పిల్లల సంగతి

ఇదే నాకు గట్టి ఎదురు వాదన. మావాడికి పన్నెండేళ్లు. మొదటి రోజు సాయంత్రమంతా 'అమ్మా, బోర్' అన్నాడు. వాడి ఫ్రెండ్స్ కుంటాల దగ్గర దిగిన ఫొటోలు పెడుతుంటే వీడికి చూపించడానికి ఏమీ లేదు. వాడి బాధ అబద్ధం కాదు. పిల్లలకు నీళ్లు కావాలి, ఎక్కడానికి రాళ్లు కావాలి.

మర్నాడు పొద్దున ఊరి అంచున ఒకాయన ఎద్దులకు నాడాలు కొడుతున్నాడు. ఎద్దును తాడుతో ఒడుపుగా కింద పడేసి, నాలుగు కాళ్లు కలిపి కట్టి, గిట్ట అంచును ఉలిలాంటి దానితో చెక్కి, నాడా పెట్టి మేకులు దిగ్గొడుతున్నాడు. మేకు మొన గిట్ట పక్కనుంచి బయటికి రాగానే దాన్ని మలిచి కత్తిరిస్తాడు. మావాడు 'దానికి నొప్పి పెట్టదా?' అని అడిగాడు. ఆయన తన గోరు చూపించి, 'గిది కోస్తె నీకు నొస్తదా?' అన్నాడు. అక్కణ్నుంచి వాడు కదల్లేదు. అన్ని ఎద్దులూ అయిపోయేదాకా చూశాడు. అయినా ఇంటికి వచ్చాక 'ట్రిప్ ఎలా ఉంది?' అని వాళ్ల పెదనాన్న అడిగితే 'పర్లేదు' అన్నాడు, అంతే. పిల్లలందరికీ ఈ పద్ధతి నచ్చుతుందని నేను చెప్పలేను. కొంచెం బోర్ కొట్టనివ్వడం వల్ల వాళ్లకు నష్టమేమీ లేదని మాత్రం నా నమ్మకం. బోర్ కొట్టకపోతే వాడు ఆ ఊరి అంచుదాకా నడిచేవాడే కాదు.

జలపాతాల పిచ్చి

వానాకాలం వస్తే మన జిల్లాల్లో జలపాతాల వీడియోలు పోటెత్తుతాయి. 2023 జూలైలో ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లినవాళ్లు, వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. జడివానలో, చీకట్లో రక్షణ బృందాలు వెళ్లి వాళ్లను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. వాళ్లు బతికి బయటపడ్డారు. కుంటాలలో జారిపడి తిరిగిరాని పిల్లల సంగతి మనందరికీ తెలుసు. నాచు పట్టిన రాయి మీద ఎంత ఈతగాడైనా ఒకటే. పైన ఎక్కడో కురిసిన వాన కింద మన కాళ్ల దగ్గరికి ఎప్పుడు వస్తుందో నిలబడ్డవాడికి తెలియదు.

టైము తక్కువగా ఉండటమే ఇందులో పెద్ద ప్రమాదం. తర్వాత ఇంకో మూడు చోట్లు చూడాలన్న తొందరలో ఉన్నవాళ్లు స్థానికుల మాట వినరు. 'ఇయ్యాల వద్దు, వాగు రంగు మారింది' అని పశువుల కాపరి చెబితే, 'ఇంత దూరం వచ్చాం కదా, ఒక్క ఐదు నిమిషాలు' అంటారు. ఆ ఊళ్లో రెండు రోజులు ఉండేవాడికి ఆ తొందర ఉండదు. ఇవాళ కాకపోతే రేపు, రేపు కూడా కుదరకపోతే వచ్చే ఏడాది.

అరకు మీద నాకు కోపం లేదు

'ఇదంతా ఎందుకు, అరకు పోదాం' అనేవాళ్లు ఉంటారు. అరకు అందాన్ని కాదనేదేముంది. సొరంగాల్లోంచి వెళ్లే ఆ రైలు దారి ఒక్కటే చాలు జన్మకు. కానీ శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి విశాఖలో దిగి, కిరండూల్ బండి కోసం పరుగెత్తి, శనివారం మధ్యాహ్నానికి అరకు చేరి, ఆదివారం మళ్లీ కొండ దిగి రాత్రంతా బండిలో కూర్చుని సోమవారం పొద్దున ఆఫీసుకు పోవడం ఏం విశ్రాంతి? అరకుకు నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాలి. రెండు రోజులకు మనకున్నవి మన ఉత్తరాన, తూర్పున ఉన్న అడవులే.

దూరం వద్దనుకునేవాళ్లకు తాడ్వాయి ఉంది. కొండ ఊరు అనడం కొంచెం ఎక్కువే అవుతుంది, అయినా ములుగు దాటి పస్రా తర్వాత రోడ్డుకు రెండు వైపులా అడవి దగ్గరపడుతుంటే మనసు తేలికపడుతుంది. మేడారం జాతరప్పుడు తప్ప అక్కడ హడావుడి ఉండదు. 2024 ఆగస్టు 31న ఆ తాడ్వాయి–మేడారం అడవిలో సుడిగాలి లాంటి ఈదురుగాలికి వందల ఎకరాల్లో వేల చెట్లు కూలిపోయాయి. నేలమట్టమైన ఆ చోటు చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చూడాల్సిన ప్రదేశాల జాబితాలో అది ఎవరూ రాయరు. నిదానంగా ఉన్నాం కాబట్టే మా కంటబడింది.

అది వాళ్ల ఊరు

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇది. నా మాట విని అందరూ ఉట్నూరు, జైనూరు, కెరమెరి బాట పడితే ఆ ఊళ్లు ఏమవుతాయి? ఒక్క పూట వచ్చి పోయేవాడి కంటే రెండు రోజులు ఉండేవాడు ఎక్కువ చెత్త వేయగలడు, ఎక్కువ ఇళ్ల ముందు నిలబడి ఫొటోలు తీయగలడు. దీపావళి రోజుల్లో గోండుల దండారీ నాట్య బృందాలు ఊరూరూ తిరుగుతాయి. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీలు దీక్షలో ఉంటారు, ఆ రోజుల్లో స్నానం కూడా చేయరు, వాళ్లను దేవుళ్లతో సమానంగా చూస్తారు. అలాంటి మనిషి పక్కకు పోయి నిలబడి, భుజం మీద చేయి వేసి రీల్ చేస్తున్న కుర్రాళ్ల వీడియోలు చూస్తే కడుపు రగిలిపోతుంది. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. ఆ నాట్యం వెనక ఎంత నిష్ఠ ఉందో ఆయన్ను చూసైనా మనవాళ్లకు తెలియాల్సింది.

అదే మార్లవాయిలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్ దంపతుల సమాధులున్నాయి. 1940లో కుమ్రం భీం వీరమరణం తర్వాత గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఆయన్ను పంపింది. వాళ్లు ఆ ఊళ్లో కాపురం ఉన్నారు, భాష నేర్చుకున్నారు, చెప్పింది విన్నారు. మనం రెండు రోజుల కోసం పోయేవాళ్లం, అంతటి పని మనవల్ల కాదు. కనీసం ఎవరింటి ముందైనా ఆగితే అడిగి ఆగాలి, వద్దంటే ఫోన్ లోపల పెట్టుకోవాలి.

ఒక విషయం నాకు కొంత ధైర్యమిస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. అందుకే ఆ ఊళ్ల చుట్టూ బయటివాళ్ల రిసార్టులు పుట్టగొడుగుల్లా లేవలేదు. 'ఈ చట్టం వల్లే టూరిజం పెరగట్లేదు' అని మా బంధువొకాయన అన్నాడు. పెరగకపోతేనే మంచిది. ఆ భూమి వాళ్ల చేతుల్లోంచి పోయాక ఎన్ని గదులు కట్టినా, వాళ్లకు దక్కేది ఆ గదులు ఊడ్చే పని. మనం ఇచ్చే డబ్బు రొట్టెల పెద్దామెకూ లడ్డూల సంఘానికీ నేరుగా అందుతుంటే చాలు. అయితే దీనితో నా ప్రశ్న తీరిపోలేదని కూడా తెలుసు. దుకాణాలు, లాడ్జీలు ఇప్పటికే చాలావరకు బయటినుంచి వచ్చినవాళ్లవే. నేను లాడ్జికి కట్టిన డబ్బు ఎవరి జేబులోకి పోయిందో నాకు తెలుసు.

గది, బాత్రూమ్

ఇంత చెప్పి, ఆడవాళ్లు మొదట అడిగే ప్రశ్న దాటవేస్తే అన్యాయం. ఈ ఊళ్లలో గదులు తక్కువ. తాడ్వాయి, జన్నారంలో టూరిజం వాళ్ల హరిత వసతి ఉంది కాబట్టి కుటుంబంతో పోయేవాళ్లకు అవి తేలిక. మిగతా చోట్ల ముందే ఫోన్ చేసి, లోపల గడియ సరిగా పడుతుందా, వేడినీళ్లు వస్తాయా, పై గదుల్లో ఎవరుంటారు అని అడగాలి. అడిగితే విసుక్కునే చోటికి పోవద్దు. ఒంటరిగా లేదా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లే వెళ్లాలనుకుంటే ఇప్పటికైతే నేను హరిత గదులే చెబుతాను. ఉట్నూరులో మాకు దొరికిన గది శుభ్రంగానే ఉంది, కానీ దారిలో ఒక బస్టాండులో అత్తమ్మను బాత్రూమ్‌కు తీసుకుపోతే తలుపుకు గడియ లేదు, బల్బు లేదు. నేను బయట చేత్తో తలుపు లాగి పట్టుకుని నిలబడ్డాను. తర్వాతి ఊరు వచ్చేదాకా ఆమె మంచినీళ్లు తాగలేదు.

మన దగ్గర టూరిజం అనగానే వేలాడే వంతెనలు, అద్దాల వంతెనలు, సెల్ఫీ పాయింట్ల గురించే మాట్లాడతారు. అవి కట్టే ముందు ప్రతి మండల కేంద్రం బస్టాండులో ఆడవాళ్లకు నీళ్లు, గడియ, లైటు ఉన్న బాత్రూమ్ ఒకటి, ప్రతి చిన్న ఊళ్లో అక్కడి మహిళా సంఘమే నడుపుకునే రెండు శుభ్రమైన గదులు కావాలి. వచ్చే గ్రామసభల్లో, ప్రజావాణిలో దీన్ని అడగాలని మా ఆఫీసు ఆడవాళ్లం అనుకుంటున్నాం. అర్జీ రాయడం మొదలుపెట్టాం. ఏ ఊరి బస్టాండులో పరిస్థితి ఎలా ఉందో చూసినవాళ్లు కింద రాస్తే దానిలో చేరుస్తాం.